మూడు వారాలుగా మా కుక్క ఇంట్లోనే మూత్రం పోసేస్తోంది, ఎంత కడిగినా వాసన పోవట్లేదు

మహేంద్రతనయ
మాది పర్లాకిమిడిలో పాతకాలపు ఇల్లు. ముందు అరుగు, మధ్యలో పొడుగాటి నడవ, వెనక పెరడు. నేలంతా ఎర్ర గచ్చు. మా గోధుమకి రెండేళ్ళు, ఆడది, ఊరకుక్కే. నెల పిల్లగా ఉన్నప్పుడు వానలో తడుస్తూ మా అరుగు కిందకి చేరితే పిల్లలు లోపలికి తెచ్చారు. నాలుగో నెల దాటాక పెరట్లోకి వెళ్ళడం నేర్చుకుంది. అప్పట్నుంచి ఇంట్లో ఒక్క చుక్క పోసింది లేదు.

ఇప్పుడు మూడు వారాలుగా రోజూ ఇంట్లోనే. ఒకటి నడవలో, సరిగ్గా దేవుడి గది గుమ్మం ముందు. రెండోది మా మంచం కాళ్ళ దగ్గర. ఫినాయిల్‌తో రోజుకి మూడుసార్లు తుడుస్తున్నాను. తుడిచిన గంటసేపు బాగానే ఉంటుంది, మధ్యాహ్నం ఎండ పడేసరికి మళ్ళీ అదే కంపు. నిన్న గోడ అవతలి మావుసి (ఒడియాలో పిన్ని) కూడా "ఎతె గంధ కాహింకి", ఇంత వాసన ఎందుకు అని అడిగేసింది. మా అత్తగారికి 70 ఏళ్ళు, మడి కట్టుకుని పూజ చేసుకునే మనిషి. రోజూ గోధుమకి పెరుగన్నం కలిపి పెట్టేది ఆవిడే. మొన్న స్నానం చేసి వస్తూ గుమ్మం ముందు ఆ తడిలో కాలు పెట్టేసి ఏడ్చినంత పని చేసింది. మావారు పాతపట్నం దాటాక వాళ్ళ అన్నయ్య తోట ఉంది, అక్కడ వదిలేద్దాం అంటున్నారు. పిల్లలు రెండు రోజులుగా సరిగ్గా అన్నం తినట్లేదు.

వాసన పూర్తిగా పోయే దారి చెప్పండి. ఇంకోటి, కుక్కలు మన మీద కోపంతో ఇలా చేస్తాయా? గత నెల మేము మూడు రోజులు పెళ్ళికి వెళ్ళి దాన్ని పక్కింట్లో వదిలాం. అందుకేనా అని నాకు మనసులో పీకుతోంది.

గుణుపురం గోపి
ముందు కొన్ని చెప్పండి. ఒక్కోసారి ఎంత పోస్తోంది, చెంచాడా చెంబుడా? పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయ్యిందా? నీళ్ళు మునుపటికంటే ఎక్కువ తాగుతోందా? మూడు వారాల కింద ఇంట్లో ఏమన్నా మారిందా?

రాయగడ రాణి
అంత ఆలోచన ఎందుకక్కా, బ్లీచింగ్ పౌడర్ చల్లి పావుగంట ఉంచి కడిగేయండి. మా క్వార్టర్స్‌లో అందరం అదే చేస్తాం. కంపు మాయం.

కొండదారి
రాణి గారూ, దయచేసి ఆ పని చేయకండి. మూత్రంలో ఉన్న యూరియా కాసేపటికి అమ్మోనియా అవుతుంది. దాని మీద బ్లీచింగ్ పడితే క్లోరమైన్ అనే విషవాయువు వస్తుంది. కోరాపుట్‌లో మా ఇంట్లో మెట్ల కింద గదిలో కుక్క పోసిన చోట మా తమ్ముడు తలుపు వేసుకుని బ్లీచింగ్ వేసి తోమాడు. పది నిమిషాల్లో కళ్ళు మండి, దగ్గు ఆగక, బయటికొచ్చి కూలబడ్డాడు. సాయంత్రం దాకా ఛాతీ పట్టేసినట్టే ఉంది వాడికి. మూసిన గదిలో అసలు వద్దు. ఇంట్లో 70 ఏళ్ళ మనిషి కూడా ఉన్నారు.

రాయగడ రాణి
అయ్యో, ఇది నాకు నిజంగా తెలియదు. మేము చేసేది బయట వరండాలో, గాలి బాగా ఆడుతుంది కాబట్టి బతికిపోయామేమో. ఇక మానేస్తాను. మా వాట్సాప్ గ్రూపులో కూడా పెడతాను.

వంశధార తమ్ముడు
మా నాన్న అయితే పోసిన చోటికి లాక్కెళ్ళి ముక్కు రుద్ది రెండు తగిలించేవాడు. రెండు రోజుల్లో దారికొచ్చేది. మరీ గారం చేస్తే ఇలాగే ఉంటుంది.

జయపురం మాస్టారు
తమ్ముడూ, దారికి రావడం కాదు అది, దాక్కోవడం. కొట్టినా, ముక్కు రుద్దినా కుక్కకి అర్థమయ్యేది ఒక్కటే, 'ఈ మనిషి చూస్తుండగా పోయకూడదు' అని. అప్పుడు మంచం కింద, బీరువా వెనక పోయడం మొదలుపెడుతుంది. బయటికి తీసుకెళ్ళినా మన ఎదురుగా పోయడానికి జంకుతుంది. నేను 22 ఏళ్ళుగా కుక్కల్ని పెంచుతున్నాను. మొదటిదాన్ని నేనూ కొట్టాను, ఆ తప్పు ఇప్పటికీ బాధపెడుతుంది. అది చనిపోయే దాకా నేను చెయ్యి ఎత్తితే చాలు, భయంతో అక్కడే చుక్కలు చుక్కలుగా కార్చేది.

మహేంద్రతనయ అమ్మా, కోపంతో చేయవు. మీరు పెళ్ళికి వెళ్ళినందుకు కక్ష కట్టడం కుక్కకి రాదు. ఏడాదిన్నర శుభ్రంగా ఉన్న కుక్క ఒక్కసారిగా మారిందంటే ముందు ఒంట్లో బాగోలేదనే అనుకోవాలి. డాక్టరుకి చూపించండి, తర్వాతే మిగతావన్నీ.

ఇక వాసన సంగతి. ఫినాయిల్ వాసనని కప్పుతుంది గానీ తీసేయదు. మన ముక్కుకి ఫినాయిలే తెలుస్తుంది, దాని ముక్కుకి కింద ఉన్న పాత మూత్రం కూడా తెలుస్తూనే ఉంటుంది. 'ఇది మనం పోసే చోటు' అని గుర్తుపట్టి మళ్ళీ అక్కడికే వస్తుంది. పైగా గచ్చు అంటే సిమెంటు, తడి పీల్చుకుంటుంది. ఎర్ర పాలిష్ అరిగిన చోట, పగుళ్ళలో లోపలికి దిగిపోతుంది. ఎండ పడినప్పుడు కంపు తిరిగి రావడానికి కారణం అదే. నల్ల ఫినాయిల్ మరీ ప్రమాదం. అది తారు నుంచి వచ్చే సరుకు, కుక్క కాళ్ళు నాకితే కడుపులోకి పోతుంది.

మహేంద్రతనయ
మాస్టారూ, కోపం కాదు అన్న ఒక్క మాటకే నాకు సగం బరువు దిగింది.

గోపి గారు అడిగినవి. ఆపరేషన్ ఎనిమిది నెలల కిందట చేయించాం. నడవలో పోసేది కొంచెమే, కానీ రోజుకి అయిదారు సార్లు. పెరట్లోకి తీసుకెళ్తే అక్కడ కూర్చుంటుంది, రెండు చుక్కలు పడతాయి, లోపలికి రాగానే మళ్ళీ. నీళ్ళు ఎంత తాగుతోందో ఎప్పుడూ చూడలేదు. మీరు అడిగాక ఇంకోటి గుర్తొచ్చింది, పొద్దున లేచేసరికి అది పడుకున్న గోనెపట్టా కూడా తడిగా ఉంటోంది. వెనక ఊరికే నాక్కుంటోంది.

గుణుపురం గోపి
అయితే ఇది శుభ్రం చేసే సమస్య ఒక్కటే కాదండీ. కొంచెం కొంచెంగా చాలాసార్లు రావడం, నాక్కోవడం, ఇవి మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు కనిపించేవి. రాయి ఉన్నా ఇలాగే ఉంటుంది. పట్టా తడవడం వేరే విషయం కావచ్చు. ఆపరేషన్ అయిన ఆడ కుక్కల్లో కొన్నిటికి ఈస్ట్రోజెన్ అనే హార్మోను తగ్గి మూత్రాశయం మూత బిగువు సడలుతుంది. నిద్రలో తెలియకుండా కారిపోతుంది, లేచాక తడి చూసి అదే కంగారుపడుతుంది. ఇది ఆపరేషన్ అయిన కొన్ని నెలలకీ రావచ్చు, ఏళ్ళ తర్వాతా రావచ్చు. మాత్రలున్నాయి, చాలావాటికి బాగా తగ్గుతుంది. ఈ రెంటిలో ఏది అన్నది పరీక్ష చేస్తేనే తెలుస్తుంది.

నీళ్ళు కొలవడం తేలిక. పొద్దున లీటరు సీసాతో కొలిచి గిన్నెలో పోయండి, మర్నాడు అదే వేళకి మిగిలింది కొలవండి. మామూలుగా కిలో బరువుకి రోజుకి 50, 60 మిల్లీలీటర్లు తాగుతుంది. 100 దాటితే డాక్టరుకి తప్పకుండా చెప్పాలి, షుగరో కిడ్నీయో చూస్తారు. మీది 15 కిలోలు ఉంటే లీటరున్నర అన్నమాట. ఇంట్లో పోస్తోంది కదా అని నీళ్ళు మాత్రం తగ్గించకండి.

ఇచ్ఛాపురం అల్లుడు
డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు మూత్రం పట్టుకెళ్తే పని త్వరగా అవుతుంది. పొద్దున మొదటిసారి పోసేది పట్టాలి. ఆడ కుక్క కిందకి వంగి కూర్చుంటుంది కాబట్టి సీసా పెట్టలేం. పొడుగు కాడ ఉన్న గరిటె బాగా కడిగి ఆరబెట్టి, అది కూర్చోగానే వెనకనుంచి మెల్లగా కిందకి జరపాలి. మందుల షాపులో దొరికే మూత్రం డబ్బాలో పోసి గంట రెండు గంటల్లో ఇచ్చేయాలి. నేను మూడు రోజులు ప్రయత్నిస్తే నాలుగో రోజు దొరికింది. మొదటి రోజు గరిటె చూసి అన్నం పెడుతున్నానని లేచి తోక ఊపింది.

రాయగడ రాణి
తోక ఊపింది అన్న దగ్గర మా ఇంట్లో అందరం నవ్వాం. అల్లుడు గారూ, ఆ గరిటె తర్వాత ఏం చేశారు?

ఇచ్ఛాపురం అల్లుడు
పెరట్లో మేకుకి తగిలించాం. మా అత్తగారు దాని కాడకి ఎర్ర దారం కట్టారు, ఎవరూ పొరపాటున వంటింట్లోకి తేకుండా.

బరంపురం చీరలు
నాది వేరే బాధ, కానీ ఇక్కడే చెప్తాను, ఎవరికైనా పనికొస్తుంది. మాకు బరంపురంలో పట్టుచీరల వ్యాపారం. మా అమ్మాయి పెంచే కుక్కపిల్ల మంచం మీద పరిచి ఉంచిన బరంపురం పట్టుచీర మీద పోసింది. నా పెళ్ళినాటి చీర. కంగారులో ఎవరో చెప్పారని కుక్క మూత్రానికి వాడే ఎంజైము ద్రావణం పోసేశాను. పట్టు అంటే ప్రోటీను దారం కదా, ఆ ఎంజైముల్లో ప్రోటీన్‌ని అరిగించేవి ఉంటాయి. మూడో రోజుకి ఆ చోట నేత పలచబడి పీచులా అయిపోయింది. పట్టు మీదా ఉన్ని మీదా అవి ఎప్పుడూ వాడకండి. వంటసోడా కూడా పట్టుకి పడదు. పొడిగుడ్డ అద్ది తడి తీసేసి, చల్లటి నీళ్ళు అద్ది, నీడలో ఆరబెట్టి, వెంటనే డ్రైక్లీనింగ్‌కి ఇచ్చి అది మూత్రం మరక అని నోరు తెరిచి చెప్పాలి. సిగ్గుపడి చెప్పకపోతే వాళ్ళు వేడి ఇస్త్రీ పెట్టేస్తారు, మరక అలాగే ఉండిపోతుంది.

కొంగు వరకు కత్తిరించి దాచుకున్నాను. కుక్కపిల్లని మాత్రం ఒక్క మాట అనలేదు, దానికేం తెలుసు.

కొండదారి
చదివి గుండె కలుక్కుమంది అక్కా.

వంశధార తమ్ముడు
మాస్టారూ, మీరు చెప్పింది రాత్రి ఆలోచించాను. మా టైగర్ చివర్లో ఎప్పుడూ ధాన్యం బస్తాల వెనకే పోసేది. అది మొండితనం అనుకున్నాం ఇన్నాళ్ళూ. సరే, కొట్టకూడదు. మరి నేలకి ఏం వాడాలో అది చెప్పండి. మా చెల్లి ఇంట్లో వెనిగర్ వాడుతుంది, రెండేళ్ళుగా ఏ ఇబ్బందీ లేదు.

జయపురం మాస్టారు
మీ చెల్లి ఇంట్లో టైల్స్ అయ్యుంటాయి. టైల్స్‌కి తెల్ల వెనిగర్, నీళ్ళు సమానంగా కలిపి వాడితే బాగుంటుంది, అమ్మోనియాని విరుస్తుంది. కానీ పాలరాయి, కడప బండలు సున్నపురాళ్ళు. పులుపు తగిలితే మెరుపు పోయి తెల్లమచ్చ పడుతుంది. గచ్చుని కూడా కొంచెం కొంచెంగా తింటుంది. మహేంద్రతనయ అమ్మ ఇంట్లో వెనిగర్ వద్దు.

గచ్చుకి నేను చేసేది చెప్తాను. తడిగా ఉంటే ముందు పాతగుడ్డలో కాగితాలో వేసి కాలితో అదిమి పీల్చాలి. రుద్దితే పక్కలకి పాకుతుంది. తర్వాత చల్లటి నీళ్ళతో రెండుసార్లు కడగాలి. వేడినీళ్ళు వద్దు. పాత ఫినాయిల్ అంతా పోయేలా మామూలు నీళ్ళతో బాగా కడిగి ఆరబెట్టి, అప్పుడు ఎంజైము ద్రావణం పోయాలి. ఫినాయిల్ మిగిలి ఉంటే ఆ ఎంజైములు సరిగ్గా పనిచేయవు. ఇక్కడే అందరూ పొరపాటు చేస్తారు. చిలకరించి వెంటనే తుడిచేస్తారు. మూత్రం ఎంత లోతుకి దిగిందో ఇదీ అంత లోతుకి దిగాలి. పోసి, పైన తడిగుడ్డ కప్పి, కనీసం గంట అలాగే ఉంచండి. పాత మరక అయితే వరసగా మూడు నాలుగు రోజులు చేయాలి. మొదటి రోజు వాసన ఇంకా పెరిగినట్టు అనిపిస్తుంది, కంగారుపడి ఆపేయకండి.

జయపురంలో నాకు ఆ సీసా దొరకలేదు, విశాఖ నుంచి తెప్పించుకున్నాను. అది వచ్చేలోపు ఎంజైములు ఉన్న బట్టల సబ్బుపొడి వాడొచ్చు, ప్యాకెట్ మీద రాసి ఉంటుంది. నీళ్ళలో పదోవంతు దాకా పొడి కలిపి, ఆ నీళ్ళతో నేలని నానబెట్టి, తర్వాత సబ్బు లేకుండా కడిగేయాలి.

అంతా అయ్యాక పగుళ్ళు సిమెంటు పాలతో పూడ్పించండి. లేకపోతే వచ్చే వానాకాలం మళ్ళీ ఇదే కథ.

బరంపురం చీరలు
మరక ఎక్కడెక్కడ ఉందో కనిపించకపోతే దొంగనోట్లు చూసే నీలం లైటు టార్చి తీసుకుని రాత్రి దీపాలన్నీ ఆర్పి చూడండి. ఆరిపోయిన మూత్రం పసుపచ్చగా మెరుస్తుంది. మా షాపులో ఉన్నది ఇంటికి తెచ్చి చూస్తే సోఫా వెనక గోడ మీద కూడా కనిపించింది. నేను ఆరు నెలలుగా తప్పు చోటు తుడుస్తున్నాను.

రాయగడ రాణి
దూది పరుపుకి ఏం చేయాలి? మా చిన్నది, అంటే కుక్క, పరుపు మధ్యలోనే పోసింది.

గుణుపురం గోపి
పరుపుని నీళ్ళతో తడిపితే లోపలి దూది వారం దాకా ఆరదు, బూజు కంపు కూడా కలుస్తుంది. మీద నిలబడి పొడి తువ్వాళ్ళు మార్చి మార్చి అదమండి. వెనిగర్ నీళ్ళు పలచగా చల్లి మళ్ళీ అదమండి. బాగా ఆరాక వంటసోడా మందంగా చల్లి రాత్రంతా ఉంచి పొద్దున దులిపేయండి. ఆ పైన రెండు రోజులు గట్టి ఎండ. తెల్ల పరుపు అయితే హైడ్రోజన్ పెరాక్సైడ్ కూడా పనిచేస్తుంది, 3 శాతంది చాలు. మందుల షాపులో 6 శాతంది ఇస్తే అంతే నీళ్ళు కలపండి. రంగు గుడ్డని వెలిసేలా చేస్తుంది, ముందు మూల మీద వేసి చూడండి. కలిపింది ఎప్పటికప్పుడు వాడేయాలి. సీసాలో పోసి మూత బిగించి దాచకండి, గ్యాస్ పట్టొచ్చు.

కొండదారి
తుడిచేటప్పుడు చేతికి రబ్బరు తొడుగులు వేసుకోండి. మన వైపు వానాకాలం ఎలుకల మూత్రం కలిసిన నీళ్ళు తాగి కుక్కలకి లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు వస్తుంది, వాటి మూత్రం ద్వారా మనకీ అంటుతుంది. కాళ్ళ పగుళ్ళున్న పెద్దవాళ్ళు ఆ తడిలో నడవకూడదు. కుక్కకి ఏటేటా వేయించే టీకాల్లో దీనిదీ ఉందో లేదో డాక్టర్ని అడగండి.

ఇచ్ఛాపురం అల్లుడు
భయానికి పోసేవి కూడా ఉంటాయి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను వచ్చినప్పుడు మా కుక్క వంటింటి గట్టు కింద దూరి, ఉన్నచోటే పోసేసింది. ఆ తర్వాత ఏడాది పాటు గాలి గట్టిగా వీచినా అదే పని. దానికి మేం చేసిందల్లా గాలివాన మొదలవగానే పక్కన కూర్చోవడం. దీపావళికి కూడా అంతే, టపాసులు మొదలవకముందే సాయంత్రం బయటికి తిప్పి తెచ్చేస్తాం.

మహేంద్రతనయ
ఇవాళ పొద్దున మూత్రం దొరికింది! గరిటె నేనే పట్టాను, మావారు దాని మెడ నిమురుతూ మాట్లాడించారు. మా అత్తగారు కిటికీలోంచి "కదలకే తల్లీ, కదలకు" అంటూనే ఉన్నారు. ఆసుపత్రికి వెళ్తున్నాం.

జయపురం మాస్టారు
శుభం. ఏ సంగతో రాయండి.

మహేంద్రతనయ
పన్నెండు రోజులైంది, రాయడం ఆలస్యమైంది. మూత్రంలో ఇన్ఫెక్షనే. రాళ్ళు లేవు, షుగర్ లేదు. నీళ్ళు కొలిచాను, రోజుకి 800 మిల్లీలీటర్లు, బరువు 14 కిలోలు, ఫర్వాలేదన్నారు. 14 రోజులకి యాంటీబయాటిక్ రాశారు. తగ్గింది కదా అని మధ్యలో ఆపొద్దని రెండుసార్లు చెప్పారు. మాత్ర పెరుగన్నంలో పెడితే అన్నం తిని మాత్ర వదిలేస్తోంది, బెల్లం ముక్కలో దాచి ఇస్తున్నాం.

అయిదో రోజు నుంచి నడవలో పోయడం ఆగింది. మాస్టారు చెప్పినట్టే గచ్చుని నాలుగు రోజులు నానబెట్టాను. మొదటి రోజు నిజంగానే వాసన పెరిగింది, మీరు ముందే చెప్పకపోతే ఫినాయిల్ డబ్బా మళ్ళీ తీసేదాన్ని. ఇప్పుడు ఎండ పడినా ఏమీ లేదు. మావుసిని లోపలికి పిలిచి మరీ అడిగాను, లేదంది. నీలం టార్చి మా మరిది షాపు నుంచి తెస్తే మంచం కాళ్ళ దగ్గరే కాదు, బియ్యం డ్రమ్ము వెనక కూడా బయటపడింది. ఫినాయిల్ వాసనకి అక్కడ సంగతే తెలియలేదు నాకు.

గోనెపట్టా మాత్రం ఈ పన్నెండు రోజుల్లో రెండు రాత్రులు తడిసింది. మందు పూర్తయ్యాక మళ్ళీ మూత్రం పరీక్ష చేసి, అప్పటికీ తడిస్తే గోపి గారు చెప్పిన ఆ మాత్రలు మొదలుపెడతామన్నారు.

తోట మాట మావారు మళ్ళీ ఎత్తలేదు. రాత్రి పదింటికి పెరట్లోకి తీసుకెళ్ళేది ఇప్పుడు ఆయనే. ఒక్క విషయం అడగాలి. గోనెపట్టా గుచ్చుకుంటోందని మా అత్తగారు తన పాత నూలుచీర నాలుగు మడతలేసి పరిచారు. అది తడిస్తే ఎలా ఉతకాలి? నూలుకి ఎంజైము సబ్బు పడుతుందా?

బరంపురం చీరలు
నూలుకి ఏమీ కాదు, ధైర్యంగా వాడండి. ముందు చల్లటి నీళ్ళలో జాడించి, ఎంజైము సబ్బుపొడిలో అరగంట నానబెట్టి ఉతికి ఎండలో వేయండి. రంగు దిగే చీర అయితే విడిగా. మడతల మధ్య ప్లాస్టిక్ పట్టా ఒకటి పెడితే కింద నేలకి దిగదు.

ఇచ్ఛాపురం అల్లుడు
రెండో పరీక్షకి కూడా పొద్దుటి మూత్రమే. గరిటె పారేయలేదు కదా?

మహేంద్రతనయ
లేదు. పెరట్లో బాదం చెట్టు మేకుకి ఉంది. ఎర్ర దారం మా అత్తగారే కట్టారు.